బావ రీలుకు నూనె

మా బావకు బోధన్ పక్కన చెరుకు తోట ఉంది. నాకు నిజామాబాద్‌లో మిక్సీలు, ఫ్యాన్లు బాగుచేసే దుకాణం ఉంది. అందువల్ల ఆయన చేపలు పట్టే రీలుకు నేనే డాక్టర్‌ని. ఫీజు చేపల్లో ఇస్తానన్నాడు. ఇంతవరకు ఏ చేపా నా దాకా రాలేదు.

పోయిన వానాకాలం పోచంపాడ్ దగ్గర గోదావరిలో ఆ రీలు పట్టేసింది. లోపలికి ఇసుక పోయి పిడి తిరగలేదు, దారం వదలలేదు. అవతల పెద్ద చేప. బావ దారాన్ని మణికట్టుకు చుట్టుకొని లాగాడు. చేప కూడా లాగింది. దానికి ఈత వచ్చు, ఈయనకు రాదు. వల వేస్తున్నవాళ్లు చూసి జుట్టు పట్టి ఒడ్డుకేశారు.

ఈసారి రీలు తెచ్చింది అక్క. బావే పంపాడట. నా ముందు పెట్టి గొంతు తగ్గించింది.

"తమ్మీ, దీన్ని బాగుచెయ్యకు. సామాన్ దొరుకుతలేదని చెప్పు."

"కొత్తది కొంటడక్కా."

"కొననీ. గప్పటిదాంకనన్న ఇంట్ల ఉంటడు గదా."

"పోనీ, బావకు ఈత నేర్పిద్దామా?"

నా జోకులకు నవ్వకపోవడం అక్కకు అలవాటే. కళ్లు తుడుచుకోవడం మాత్రం కొత్త.

ఆమె వెళ్లాక రీలు విప్పాను. పళ్లచక్రాలను కిరోసిన్‌లో కడిగితే చిటికెడు ఇసుక రాలింది. మనిషిని ముంచడానికి ఇంతే చాలు. రీలు పట్టేసి ఉన్నా బావ పోతాడు, మళ్లీ చేతికే చుట్టుకుంటాడు. అదే నా భయం. పళ్లకు పలుచగా గ్రీజు రాశాను, బేరింగులో ఒక చుక్క నూనె వేశాను. దారాన్ని తడిగుడ్డతో తుడుస్తూ గరుకు తగిలినదాకా కోసేశాను. చేప లాగితే దారం సులువుగా పోయేలా, పట్టు బిగించే మరను బాగా వదులు చేశాను. ఇదంతా అక్కకు చెప్పే ధైర్యం లేక ఆదివారం బావ వెంట గోదావరికి నేనే పోయాను. నాకూ ఈత రాదు.

"నువ్వెందుకురా బామ్మర్దీ?"

"రీలుకు గ్యారంటీ ఇచ్చిన బావా. సూడాలె గదా."

చేప పడింది. రీలు గిర్రున తిరుగుతోంది, దారం పోతూనే ఉంది. బావ ఒక అడుగు ముందుకేశాడు. ఆయన నిలబడ్డ రాయి నిండా పాచి. ఆయన ఎడమచెయ్యి దారం వైపు పోయింది.

"చేతికి చుట్టకు బావా!"

నాకు అంత గొంతుందని నాకే తెలియదు. అవతలి ఒడ్డున కొంగలు లేచాయి. బావ చెయ్యి గాల్లో ఆగింది. దారం చివరిదాకా పోయి, గాలం కర్రను ఒక్క గుంజు గుంజి తెగింది.

బావ రాయి దిగి, వెనక్కి ఇసుకలోకి వచ్చి కూర్చున్నాడు.

"గంత నూనె ఎవడు పొయ్యమన్నడురా?"

నా మొహం చూసి నీళ్ల సీసా ఇచ్చాడు.

"వచ్చే ఆదివారం గీ ఇసుకల నిలబడే చేపలు పడత," అన్నాడు. "నువ్వు మాత్రం రాకు. నిన్ను సూస్తే నాకు భయమైతుంది."