ఖాసింబీ తల ఊపింది నీళ్ళ కోసం

తొమ్మిదేళ్ళుగా మోస్తున్నాను. ఇంక నా వల్ల కాదు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియనక్కరలేదు. అందుకే చెప్పగలుగుతున్నాను. ప్రార్థనలో మోకరించినప్పుడు కూడా ఈ ఒక్క సంగతి దాటేసి మిగతావన్నీ ఒప్పుకున్నాను. దేవుడికి తెలియదనా? పైకి చెబితే నా మాటలు నేనే వినాల్సి వస్తుందని.

నేను నర్సుని, సౌదీలో. తాయిఫ్‌లో ఒక ఆసుపత్రిలో పద్నాలుగేళ్ళుగా పనిచేస్తున్నాను. నోరు పెద్దదని పేరు, చెయ్యి మంచిదని కూడా పేరుంది లెండి. అప్పట్లో మా వార్డులో తెలుగు వచ్చినదాన్ని నేనొక్కదాన్నే. అరబ్బీ కూడా బాగానే వచ్చు. ఆ రెండు భాషలూ రావడమే నేను చేసిన పాపానికి పనికొచ్చింది.

ఖాసింబీది రాయచోటి వైపు పల్లె. దూదేకులవాళ్ళు, ఇంట్లో మాట్లాడేది తెలుగే. తాయిఫ్‌లో ఒక సౌదీ ఇంట్లో పనిమనిషిగా ఉండేది. అదే ఇంట్లో డ్రైవరుగా చేసే భర్త, ఆమె కడుపుతో ఉండగానే ఘాట్ రోడ్డు మీద ప్రమాదంలో పోయాడు. పుట్టిన ఆడపిల్లను ఆ ఇంటి గులాబీ తోటకు కాపలా ఉండే సూడాన్ దంపతులు చేరదీశారు. ఆమీనా, ఆమె భర్త. వాళ్ళకు పిల్లల్లేరు. ఖాసింబీ పొద్దస్తమానం పనిలో ఉంటే పిల్ల ఆమీనా చంకలోనే ఉండేది. రెండేళ్ళు నిండేసరికి ఆ పిల్లకు, నూరీకి, అమ్మా అన్న ఒక్క మాట తప్ప వచ్చిన నాలుగు ముక్కలూ అరబ్బీవే. ఖాసింబీని అమ్మా అనేది, ఆమీనాను యుమ్మా అనేది. రెండు మాటలకూ అర్థం ఒకటే.

ఖాసింబీ రెండు కిడ్నీలూ పాడై మా వార్డుకు వచ్చింది. ఇక లాభం లేదని ఆమెకూ తెలుసు. ఆమీనా రోజూ పిల్లను ఎత్తుకొని చూపించడానికి వచ్చేది. ఎత్తయిన మనిషి, నల్లటి నలుపు. ఆ చేతుల్లో పిల్లను చూసినప్పుడల్లా నాకు ఒళ్ళు చిరచిరలాడేది. మన పిల్ల వాళ్ళింట్లో ఏమిటి, అని. ఎందుకలా అనిపించింది? మతమా? వాళ్ళిద్దరిదీ ఒకటే మతం, నాదే వేరు. నాకూ ఖాసింబీకీ కలిసింది భాష ఒక్కటే. అయినా ఆ పిల్ల నాకు మన పిల్ల అయిపోయింది, రెండేళ్ళు తినిపించి, నిద్రపుచ్చి, జ్వరమొస్తే ఒళ్ళో పెట్టుకొని కూర్చున్న ఆమీనా మాత్రం పరాయిదైపోయింది. రంగు తప్ప ఇంకేముంది అక్కడ? నేనేమన్నా తెల్లటిదాన్నా! చిన్నప్పుడు మా ఇంట్లోవాళ్ళే నన్ను కర్రిపిల్లా అని ఏడిపించేవారు.

ఒక మధ్యాహ్నం ఆసుపత్రి సోషల్ వర్కర్ కాగితాలతో వచ్చింది. పిల్ల ఎవరి దగ్గర పెరగాలో తల్లి ఏం కోరుకుంటే అది రాసి పై ఆఫీసుకు పంపుతామంది. కఫీల్, అంటే ఖాసింబీని పనిలో పెట్టుకున్న యజమాని, తల్లి మాటే తన మాటన్నాడట. ఖాసింబీకి వచ్చింది వంటింటి అరబ్బీ. బిడ్డ గురించి అందులో ఏం చెప్పగలదు? ఆమెను తెలుగులో అడిగి అరబ్బీలో చెప్పమని నాకు అప్పగించారు. ఆమీనా మంచం పక్కనే నిలబడి ఉంది. ఖాసింబీ ఆమె మణికట్టు పట్టుకొని నాతో అంది:

"బిడ్డని మావాళ్ళ కాడ్నే ఉండనీక్కా."

మావాళ్ళు అంటే ఎవరో నాకు తెలియలేదా? ఎవరి చెయ్యి పట్టుకుందో కనబడలేదా? ఉండనీ అంది, పంపించమనలేదు. నేను సోషల్ వర్కర్ వైపు తిరిగి, పిల్లను తనవాళ్ళ దగ్గర ఉంచమంటోందని అరబ్బీలో చెప్పాను. అక్కడితో ఆగినా బాగుండేది. తనవాళ్ళంటే ఎవరని ఆమె అడిగింది. ఇండియాలో ఉన్నవాళ్ళు, అన్నాను.

ఆమీనా నా వైపు తిరిగింది. అరబ్బీలో నన్ను బతిమాలుతున్నట్టు అడిగింది.

"మేం నల్లవాళ్ళమనా? అడుగు సిస్టర్."

నేను ఖాసింబీ మీదికి వంగి తెలుగులో అడిగాను.

"నీళ్ళు తాగుతావా?"

కిడ్నీలు పోయినవాళ్ళకు నీళ్ళు కొలిచి ఇస్తాం. వాళ్ళకు ఎప్పుడూ దాహమే. ఖాసింబీ ఆశగా తల ఊపింది. ఆమీనా అది చూసింది. చూసి, తన మణికట్టు మెల్లగా విడిపించుకుంది. ఎందుకు విడిపించుకుందో తెలియక ఖాసింబీ ఆమె వంక చూస్తూ ఉండిపోయింది. నేను రెండు చెంచాల నీళ్ళు పోశాను.

ఇండియా అన్న మాట ఏదో తొందరలో జారిందని ఇన్నాళ్ళూ నాకు నేను సర్దిచెప్పుకున్నాను. మరి నీళ్ళ మాట? అది ఆలోచించే అడిగాను. తల ఊపుతుందని తెలిసే అడిగాను.

ఐదో రోజున ఖాసింబీ పోయింది. సెలవు మీద వెళ్తున్న ఒక తెలుగావిడ వెంట నూరీని పంపించేశారు.

ఆరు నెలల తర్వాత సెలవులో పనిగట్టుకొని ఆ ఊరు వెళ్ళాను. ఖాసింబీ బావగారి ఇల్లు. వాళ్ళకే నలుగురు పిల్లలు. వాళ్ళను చెడ్డవాళ్ళని ఎలా అనను, పిల్లను పంపమని వాళ్ళేమీ అడగలేదు కదా. నూరీ మాట్లాడటమే మానేసిందన్నారు. వసారాలో ఒక మూల కూర్చుని ఉంది. అలవాటు కొద్దీ అరబ్బీలో పలకరించాను. గబుక్కున లేచి వచ్చి నా చీర పట్టుకొని, "యుమ్మా వేన్?" అంది. అమ్మ ఏదీ అని. వదలకుండా అదే మాట. ఏమంటాందమ్మా అని ఆ ఇంటావిడ అడిగింది. ఏమో, ఏవో పిల్లల మాటలు, అన్నాను. ఆ ఊళ్ళో ఆ మాట అర్థమయ్యేది నాకొక్కదానికే.

మరుసటేడు ఫోన్ చేస్తే, బెంగుళూరులో ఎవరో పిల్లల్లేనివాళ్ళు పెంచుకుంటామంటే ఇచ్చేశామన్నారు. వాళ్ళ పేరు కూడా సరిగా తెలియదట. తెలిసినవాళ్ళ చేత వెతికించాను. దొరకలేదు.

నాలో నేను ఎన్ని వాదనలు పెట్టుకున్నానో. పిల్లను ఉంచుకోవడానికి ఆమీనాకు ఎలాగూ కాగితాలు వచ్చేవి కావు. వచ్చినా, నల్లవాళ్ళింట్లో పెరిగే పిల్లను నలుగురూ వింతగా చూసేవారు. నిజమే కావచ్చు. కానీ ఆ క్షణంలో నేను అవేవీ ఆలోచించలేదు. అయినా ఎవరు పెంచాలో తేల్చడానికి నేనెవర్ని? కన్నతల్లి తేల్చింది. దాన్ని ఉన్నదున్నట్టు చెప్పడం ఒక్కటే నా పని.

ఆమీనా ఇప్పటికీ ఆ తోటలోనే ఉంటోంది. బీపీ చూపించుకోవడానికి మా దగ్గరికే వస్తుంది. పాప ఎలా ఉందని అడుగుతుంది. బాగుంది, బడికి పోతోంది, అంటాను. దేవుడు నీకు మేలు చేయాలని దీవిస్తుంది. కిందటి నెల ఇంకో మాట అంది. ఖాసింబీ మీద తనకిప్పుడు కోపం లేదట. ఏ తల్లికైనా బిడ్డ తనలాంటివాళ్ళ మధ్య పెరగాలనే ఉంటుందట. ఇన్నేళ్ళు ఆలోచించి, చచ్చిపోయిన ఆ మనిషిని, చెయ్యని తప్పుకు క్షమించింది.

అప్పుడైనా చెప్పాల్సింది. ఉద్యోగం పోతుందని భయమా? అది కాదు. ఖాసింబీ కోరుకుంది నిన్నేనమ్మా అని చెబితే ఆమీనా ముందు సంతోషిస్తుంది. ఆ తర్వాత, పిల్లేదీ అంటుంది. ఆ సంతోషాన్ని చూడలేకే నోరు మూసుకున్నాను.

మీకు చెప్పాను. క్షమించమని అడగను, అది మీరు ఇవ్వగలిగేది కాదు. చెప్పాక గుండె కాస్త తేలికైంది. అలా తేలికపడే హక్కు నాకు లేదు. అయినా పడింది.