బోనం మన్ను తవ్విన ఒడ్డు

ఆ కబురు నాకు మొదట తెచ్చింది మా వారి మేనత్త. చెరువు వైపు నుంచి చెప్పుల్లేకుండా గుట్ట ఎక్కి వచ్చింది. కొంగు నిండా బురద. నేను వాకిట్లో ఆరబెట్టిన కుండలను ఎండకు తిప్పుతున్నాను. ఆమె దర్వాజ పట్టుకుని నిలబడి, "మన్ను గూలింది బిడ్డా. మీ అత్త లోపట్నే ఉంది," అన్నది.

మాది శామీర్‌పేట దాటాక గుట్ట మీద ఉన్న పాత ఊరు. పైన కూలిన బురుజు, దాని కింద మా కుమ్మరివాడ. ఇక్కడ చక్రం ఎప్పటి నుంచి తిరుగుతోందో చెప్పగలవాళ్లు ఎవరూ మిగలలేదు. ఎండాకాలం కొంపల్లి వాళ్లు కార్లలో వచ్చి కూజాలు కొనుక్కుపోతారు. ఆషాఢం దగ్గర పడితే మాత్రం మాకు బోనం కుండలు తప్ప వేరే పని ఉండదు.

మిగతా కుండలకు జేసీబీ తవ్విన మన్ను ట్రాక్టర్‌లో తెప్పించుకుంటాం. అమ్మవారి బోనానికి అట్లా కాదు. ఇంటి పెద్ద ఆడమనిషి ఒక్కపొద్దు ఉండి, చెరువు ఒడ్డున పసుపు చల్లి, తన చేత్తో తవ్వి తేవాలి. మిషన్ తగిలిన మన్ను ఆ కుండకు పనికిరాదు. పైనున్న గరుకు మన్ను ముట్టకుండా, కింద వెన్నలాంటి నల్లటి పొర ఎటు పోతే అటు ఒడ్డులోకి తొలుచుకుంటూ పోవాలి. అట్లా తరతరాలుగా తొలిచీ తొలిచీ అదొక గుహ అయింది. ఆ ఏడు ఒడ్డు పైన ఎవరో ప్లాట్లు చేస్తూ మొరం పోయించారు. కింద అంతా బోలు, పైన అంత బరువు. ఆ ఆలోచన మాలో ఒక్కరికీ రాలేదు. అత్తమ్మ ఎప్పటిలాగే నడుము వంచి లోపలికి దూరింది.

నేను ఎట్లా దిగానో తెలియదు. నేను బడికి పోలేదు. చదువంతా నాయిన ఇంట్లోనే దేవుని పుస్తకాలతో నేర్పించాడు. రోజూ పొద్దున చదువుకునే స్తోత్రంలో ఒక్క ముక్క కూడా ఆ దారిలో గుర్తుకు రాలేదు. "అమ్మా, అమ్మా" అని మాత్రం అనుకుంటూ పోయాను.

గుహ నోరు మూసుకుపోయి ఉంది. మామ మోకాళ్ల మీద కూర్చుని చేతులతో తోడుతున్నాడు. మేమూ కూర్చున్నాం. ఒక దోసెడు తీస్తే పై నుంచి రెండు దోసిళ్లు జారుతున్నాయి. తల ఎత్తితే ఒడ్డు మా మీదికి వంగి ఉంది, దానిలో అరచేయి పట్టేంత పగులు. చిన్న చిన్న రాళ్లు దొర్లి నా వీపు మీద పడుతున్నాయి. మామ చెవి మన్నుకు ఆనించి విన్నాడు. లోపల ఎక్కడో దగ్గు వినిపించిందన్నాడు. నాకు మాత్రం ఏమీ వినిపించలేదు.

ప్లాట్ల దగ్గరి జేసీబీ చెరువులోకి దిగి వచ్చింది. దాన్ని చూసి మామ అడ్డంగా నిలబడ్డాడు. బకెట్ తగిలితే లోపలి మనిషి రెండు ముక్కలవుతుందని ఆయన భయం. నడిపే అతను పాలమూరు వైపు వాడని తర్వాత విన్నాను.

"నేను తవ్వనే తవ్వ, పెద్దాయనా. బకెట్ పైపెల్లకు ఆనిచ్చి పట్టుకుంట. మీరు కింద చేతులతోని తియ్యుండ్రి," అన్నాడు.

అట్లాగే ఆనించాడు. అదురుకు ఇంకా కూలుతుందని ఇంజన్ ఆపేశాడు. అప్పుడు అర్థమైంది నాకు, ఆ ఒడ్డు విరిగితే మాతో పాటు అతని నెత్తిన కూడా పడుతుంది. మేనత్తకూ అర్థమైనట్టుంది.

"ఆనిచ్చినవు గద, దిగు నాయినా," అన్నది.

"బకెట్ జారితె మల్ల ఎవరు లేపాలె అత్తా? మీరు జల్దీ గానియ్యుండ్రి."

ఆ తర్వాత వినిపించినవి రెండే. మన్ను తీసే చప్పుడు, ఇనుము కిర్రుమనే చప్పుడు. కిర్రుమన్నప్పుడల్లా మా చేతులు ఆగిపోయేవి. చివరికి అత్తమ్మ గాజుల చేయి నా చేతికి తగిలింది. వెచ్చగా ఉంది. ఆ వెచ్చదనానికి అమ్మవారికి ఎన్నిసార్లు దండం పెట్టుకున్నా నాకు తక్కువే అనిపిస్తుంది.

బయటికి లాగితే అత్తమ్మ నోట్లో మన్ను ఉమ్మేసి, చుట్టూ చూసి, "గా మన్ను తొక్కకుండ్రి, బోనానిది," అన్నది. ఒక కాలు విరిగి వేలాడుతున్న సంగతి ఆమెకు ఇంకా తెలియదు.

మేము పక్కకు జరిగాక అతను ఇంజన్ పెట్టి వెనక్కి తీశాడు. బకెట్ వదలగానే ఒడ్డంతా దబ్బున కూలింది. మేము కూర్చున్న చోటు కనబడకుండా పోయింది. అతను దిగి నీళ్లు అడిగాడు. చెంబు అందిస్తే సగం నీళ్లు అంగీ మీదనే పోసుకున్నాడు. మేము అత్తమ్మను ఆటోలో మేడ్చల్ ఆసుపత్రికి తీసుకుపోయాం. కొన్ని రోజులకు తిరిగి వచ్చి వెతికేసరికి ప్లాట్ల పని అయిపోయింది, మిషన్ వెళ్లిపోయింది. పేరైనా అడగలేదు.

అత్తమ్మ కాలు ఇప్పుడు వంగదు. అందుకని ఆషాఢం మన్ను నా వంతుకు వచ్చింది. తొలవడం మానేశాం, పై నుంచి తెరిచి తవ్వుతున్నాం, చేత్తోనే. అయినా గునపం దింపిన ప్రతిసారీ నా వీపు మీద రాళ్లు దొర్లినట్టే ఉంటుంది. ఒక్కోసారి పని ఆపి పైకి చూస్తాను. ఆకాశం తప్ప ఏమీ ఉండదు.

ఇది చదివినవాళ్లను ఒక్కటే అడుగుతున్నాను. మీరు దీపం పెట్టేటప్పుడు, పేరు తెలియకపోయినా సరే, ఆ పాలమూరు అన్నను ఒక్కసారి తలుచుకోండి.