అడిగి బండి తిప్పే భాయ్

నాకు కారు నడపడం నేర్పిన భాయ్‌ది అనకాపల్లే. యుద్ధకాలంలో విమానాలు దిగడానికి వేసి, ఆనక వదిలేసిన రన్‌వే ఒకటి ఊరి బయట ఉంది. అక్కడే నేర్పేవాడు. వెళ్ళగానే ఇంజన్ ఆపించి, చెప్పులు కారు దగ్గరే విడిచి, అంచున చోళ్ళు ఎండబోసుకునే ముసలమ్మ దగ్గరికి నడిచేవాడు.

"అమ్మా, బండి తిప్పుకోమంటావా?"

"తిప్పుకో బాబూ" అనేది ఆవిడ, తలెత్తకుండానే.

సర్కారు జాగాకి ఈవిణ్ణి అడగడమేంటని ఓసారి విసుక్కున్నాను.

"దీని కిందున్నది ఆళ్ళ నాన్న పొలం. యుద్ధం అయ్యేక తిరిగిచ్చేత్తామని తీసుకున్నారు, ఇవ్వలేదు. ఆ గట్లు కొట్టించి చదును చేయించిన మేస్త్రీ మా తాత" అన్నాడు, నా మొహంలోకి చూడకుండా.

నా లైసెన్సు పరీక్షకి ముందురోజు ఆవిడ, "ఇయ్యాల వద్దు బాబూ" అంది. ఎందుకో చెప్పలేదు. రన్‌వే అంతా ఖాళీగానే ఉంది. నాకు ఒళ్ళు మండిపోయింది. భాయ్ మాత్రం "అలాగేనమ్మా" అని వచ్చి కూర్చుని, బండి వెనక్కి తిప్పమన్నాడు.

"ఇన్నాళ్ళకి వద్దంది" అన్నాడు దారిలో. ఆయన మొహం అంత తేటగా ఉండగా మరెప్పుడూ చూడలేదు.

భాయ్ పోయాడు. ఇప్పుడు నేను అచ్యుతాపురం కంపెనీ బస్సు నడుపుతున్నాను. షిఫ్టుకి ఆలస్యం కాకుండా రోజూ ఆ రన్‌వే మీదుగానే అడ్డంపడి పోతాను. అంచున ఆవిడ కనిపిస్తుంది. ఆపి అడుగుదామని కాలు బ్రేకు మీదికి పోతుంది. వద్దంటుందేమోనని తీసేస్తాను.