కొట్టానికి ఒక పాయింటు, మిల్లుకు వంద

మా చిన్నప్పుడు కంప్యూటరున్న గదిలోకి వెళ్ళాలంటే చెప్పులు బయట విడవాలి... నంద్యాల బస్టాండు వెనకాల ఓ మేడ మీద ఉండేది ఆ గది. వేసవి సెలవుల్లో అక్కడ ఫీజు లేకుండా టైపింగ్ నేర్పుతుంటే, ఆళ్లగడ్డ నుంచి నేనూ, మా క్లాసు ఓబులమ్మా బస్సెక్కి వెళ్ళేవాళ్ళం. బయట ఎండ మాడ్చేస్తుంటే లోపల ఏసీ చలి... సగం మంది ఆ చల్లదనం కోసమే వచ్చేవాళ్ళు.

టైపింగ్ అయ్యాక కాసేపు ఆట. నిప్పు ఆర్పే ఆట. తెర మీద చిన్న చిన్న పసుపు గడులు, మూలన ఓ పెద్ద గోధుమరంగు గడి, రెండు ఫైరింజన్లు. పసుపు గడులకు కొట్టాలనీ, పెద్దదానికి పత్తి మిల్లనీ మేమే పేర్లు పెట్టుకున్నాం. బోద గడ్డి కప్పిన ఇళ్ళను మా వైపు కొట్టాలంటారు. మంట ఎప్పుడూ కొట్టాల్లోనే మొదలయ్యేది. గాలి మాత్రం మిల్లు వైపు వీచేది...

కొట్టం నిలిస్తే ఒక పాయింటు. మిల్లు నిలిస్తే వంద.

నేను ప్రతిసారీ ఇంజన్లను కొట్టాలకే పంపేవాణ్ణి. ప్రతిసారీ ఓడిపోయేవాణ్ణి. వెనక నిలబడ్డ పిల్లలకు ఒకటే నవ్వు. "ఏందప్పా, మల్లా ఆడికే పోతాండావ్? నీకు పిల్లనిచ్చినోళ్ళు ఉన్యారా ఏమి ఆ కొట్టాల్లో?"

మాది మిద్దె ఇల్లు. నిజంగా కొట్టంలో ఉండేది ఓబులమ్మ. అంతకుముందు ఎండాకాలమే వాళ్ళ కొట్టం కాలిపోయింది... పుస్తకాలతో సహా.

చివరి రోజు అక్కడ మాకు టైపింగ్ నేర్పే సార్ పందెం పెట్టాడు. ఆటలో ఎక్కువ పాయింట్లు తెచ్చినవాళ్ళకు ఏడాది కోర్సులో సీటు, ఫీజు లేకుండా. ఓబులమ్మకు అది కావాలి. సీటొస్తే చదివిస్తాను, రాకపోతే బడి మాని నాతో కూలికి రావల్ల అని వాళ్ళమ్మ తేల్చి చెప్పేసింది.

ఓబులమ్మ కూర్చుంది. మంట లేచింది. ఇంజన్లు రెండూ నేరుగా మిల్లు ముందుకు పోయి నిలబడ్డాయి. కొట్టాలు ఒక్కొక్కటే నల్లబడుతున్నాయి... ఆమె అటు చూడనైనా లేదు. మిల్లు నిలిచింది. సీటు ఆమెదే.

తిరుగు బస్సులో నాకు ఒళ్ళు మండిపోయింది. "మీ కొట్టం కాలినప్పుడు ఎంత ఏడ్సినావ్! ఆటలోనన్నా ఒక్కదాన్ని కాపాడాలనిపీలేదా నీకు?"

ఆమె కిటికీలోంచి చూపు తిప్పలేదు. "నువ్వు ఓడిపోయినావ్ కదా, మీ నాయన ఏమంటాడు?"

"ఏమంటాడు... ఏమీ అనడు."

"అందుకే నీకు కొట్టాలు కనపడె. నాకు సీటు కనపడె. కొట్టం కాలితే మల్లా కప్పుకుంటామప్పా."

ఓబులమ్మ బడి మానలేదు.

ఆట మీద ఇంత రాద్ధాంతమా అంటారా? అనండి. పేదవాళ్ళే పేదవాళ్ళను పట్టించుకోరని వేదికలెక్కి తీర్పులు చెప్పే పెద్దమనుషులను చూసినప్పుడల్లా నాకు ఆ తెర గుర్తొస్తుంది. కొట్టానికి ఒకటి, మిల్లుకు వంద అని రాసింది ఆ పిల్ల కాదయ్యా! ఎవరో రాశారు. రాసినవాడు ఏ సీటు కోసమూ పందెం కాయలేదు. బతకడానికి దారి వెతుక్కున్న పిల్లను నిలదీస్తాం, లెక్క రాసినవాణ్ణి మాత్రం పేరైనా అడగం...

పోయిన వారం మా అన్న కూతురు తన ల్యాప్‌టాప్‌లో ఇప్పటి ఫైరింజన్ ఆటలు నాతో ఆడించింది. ఎంత మారిపోయాయో! పైపు బరువుకు తెర మీది మనిషి చేతులు వణుకుతాయి. పొగలో దగ్గు వినబడుతుంది. ఇంకొక దాంట్లో కొండలన్నీ అంటుకుంటాయి... ఎండాకాలం శ్రీశైలం ఘాట్ రోడ్డులో కనబడే మంటల్లాగే. ఎటు గాలి తిరుగుతుందో చూసుకుని మనుషుల్ని పంపాలి.

అయినా మూలన అంకెలున్నాయి. ఏ భవనం ఎంత విలువో! నేను గొణుగుతుంటే ఆ అమ్మాయి నవ్వింది. "చిన్నాయనా, నచ్చకపోతే మార్చుకో. సెట్టింగ్స్‌లో ఉండాది కదా!"

అవును, ఉంది. అంకె మీద నొక్కితే మారిపోతోంది... అంత సులువుగా.

మాకు ఆ రోజుల్లో ఆట నేర్పినవాళ్ళెవరూ పాయింట్లు మార్చవచ్చని చెప్పలేదు. అడగాలని మాకూ తోచలేదు. మీ చిన్నప్పటి ఆటల్లో గెలవాలంటే దేన్ని కాలిపోనివ్వాలని నేర్పారు మీకు? కింద రాయండి... తీరిగ్గా గుర్తు చేసుకునే రాయండి.