చంకలో గడ్డ, తుండుగుడ్డ కింద వేలు

పుంగనూరు పశువుల సంతలో బేరాలు కుదిర్చే దళారీగా తిరిగిన రోజులవి, తొంభైల చివర. ఒక ఉదయం స్నానం చేస్తుంటే కుడి చంకలో గడ్డ చేతికి తగిలింది. నిమ్మకాయంత. సబ్బు చేతిలోంచి జారిపోయింది.

నిమ్మకాయంత అని ఇన్నేళ్ళుగా అందరికీ చెబుతూ వచ్చాను. అసలుది చింతగింజ కంటే కాస్త పెద్దది, అంతే. సబ్బు జారిన మాట మాత్రం నిజం.

అంతకు ముందు ఏడాదే కుప్పంలో మా చిన్నమ్మ పోయింది. ఆమెకూ మొదట చంకలోనే గడ్డ కనిపించింది. "నొప్పేమీ ల్యాదు నాయనా, ఉండనీలే" అని నా ఎదుటే పైట సర్దుకుంది. రొమ్ములో పుట్టిన జబ్బు చంకదాకా పాకిందని తెలిసేసరికి ఆలస్యమైపోయింది. మగవాడికి ఆ జబ్బు రాదని నాకెవరూ చెప్పలేదు. వస్తుందనీ చెప్పలేదు.

ఇంట్లో నోరు విప్పలేదు. సంతలో టీ తాగుతూ, ఇంకెవరికో వచ్చినట్టు తోటి దళారీని అడిగాను. వాడు పగలబడి నవ్వాడు.

"ఇంకెవురికో అని యాల అంటావప్పా? నీ సెయ్యి సూడు, కోడి రెక్క ఎత్తినట్ల ఎత్తుకోని ఉండావు. బ్లేడు పెట్టినావా ఆడ?"

"పెట్టినా."

"ఇంగేం, ఎంటిక లోపలికి తిరుక్కోనుంటాది. సెమట గడ్డ. పో."

నమ్మాలనే ఉంది. రోజంతా నొక్కి చూసుకున్నాను. నొక్కితే నొప్పి. చిన్నమ్మకు నొప్పి లేదు కదా అని కాసేపు ధైర్యం. ఆమెకూ మొదట్లో ఉండి తర్వాత పోయిందేమోనని మళ్ళీ భయం.

మా ఆవిడ కనిపెట్టేసింది. "ఏమయ్యా, సొక్కా ఇప్పేదానికి ఈ వయసులో సిగ్గుపడతాండావే?" అంటూనే చూసింది. సున్నం, బెల్లం కలిపి పట్టు వేయబోయి, మధ్యలోనే గిన్నె కింద పెట్టేసింది. ఆమెకూ చిన్నమ్మే గుర్తొచ్చింది.

"మదనపల్లికి పోదాం పా" అంది.

అక్కడి ఆస్పత్రిలో డాక్టరమ్మ చంక తడిమింది, మెడ తడిమింది, ఛాతీ రెండు పక్కలా తడిమింది. అప్పుడు మా ఆవిడ వైపు చూడలేకపోయాను. తడిమినంతసేపూ పిడికిలి బిగించే ఉన్నాను. చొక్కా వేసుకోగానే చెయ్యి భుజం మీది తుండుగుడ్డ కిందికి పోయింది.

"చేతికి దెబ్బేమన్నా తగిలిందా?"

"లేదమ్మా."

"ఆ గుడ్డ తీయండి, చూద్దాం."

సంతలో మేం ధర నోటితో చెప్పం. గుడ్డ కింద ఒకరి వేళ్ళు ఒకరం పట్టుకుని చెప్పుకుంటాం. వేళ్ళు పక్కవాడి కంట పడకూడదు. ఆ అలవాటు ఆస్పత్రిలోనూ పోలేదు. ఎద్దు పలుపుతాడు ఒరుసుకుని తెగిన కుడిచేతి ఉంగరం వేలు చీము పట్టి ఉంది. దాన్నే కొనేవాళ్ళూ అమ్మేవాళ్ళూ సంత సంతకీ పిసుకుతున్నారు. అయినా వేలెక్కడ, చంకెక్కడ అనుకున్నాను.

"చంకలో బిళ్ళల్లాంటి చిన్న చిన్న గ్రంథులు అందరికీ ఉంటాయి పెద్దాయనా. చేతి నుంచి పోయే చెడును అక్కడ ఆపుతాయి. వేలు చీము పడితే అవి వాస్తాయి. మీకూ అదే కావచ్చు. మాత్రలు వాడండి. రెండు వారాల్లో తగ్గకపోతే సూదితో కొంచెం తీసి పరీక్షకు పంపాలి. అంతవరకూ నొక్కొద్దు. నొక్కితే ఇంకా నొప్పి."

కత్తి పెడతామంటే నేనే ఒప్పుకోలేదని ఊళ్ళో చెప్పుకున్నాను. కత్తి మాటే రాలేదు. 'కావచ్చు' అన్న మాట వచ్చింది. నా తిండీ నిద్రా పోగొట్టింది అదే.

సంతకు పోవడం మానేశాను. వేలు మానుతూ వచ్చింది. చంకలోకి చెయ్యి పోతే మా ఆవిడ దానిమీద ఒక్కటేసేది. ఒక మధ్యాహ్నం నేను కునుకు తీస్తున్నాననుకుని, ఆమే మెల్లగా వేళ్ళు పెట్టి తడిమింది. కళ్ళు తెరవలేదు నేను. ఆమె లేచి వంటింట్లోకి పోయింది. తగ్గిందా అని అడిగే ధైర్యం నాకు లేకపోయింది.

మళ్ళీ వెళ్ళినప్పుడు డాక్టరమ్మ చాలాసేపు వెతికింది.

"ఏదీ, నాకు దొరకడం లేదే."

"ఇంగోసారి సూడమ్మా. ఆ పక్క కూడా."

ఆ పక్కా చూసింది. ఏమీ లేదంది.

నవ్వుకుంటూ బయటికి వచ్చానని చెప్పుకుంటాను గానీ, వరండాలో బెంచీ మీద కూలబడ్డాను. మా ఆవిడ కొంగుతో ముక్కు తుడుచుకుంటూ, "లెయ్యి, బస్సు పోతాది" అంది.

లేవలేకపోయాను. ఆ బస్సు పోయింది.