ఒక వంటింట్లో ఇద్దరు సరోజలు

ఒకే రోజు, ఒకే ఇంట్లో, పదింటికి చెంచా కూడా ఎత్తలేని మనిషిగానూ పదకొండింటికి బిర్యానీ వండగల మనిషిగానూ బతికినదాన్ని నేను. మధ్యలో ఏ డాక్టరూ రాలేదు, ఏ దేవుడూ ప్రత్యక్షం కాలేదు. వచ్చినవాళ్ళిద్దరూ విచారణకు వచ్చినవాళ్ళే. ఆ రోజు నా పరువు ఎంత తీరిగ్గా పోయిందో చెబుతాను. నవ్వొస్తే మొహమాటపడకుండా నవ్వండి. అప్పట్లో నాకు నవ్వే ఓపిక ఉండేది కాదు.

ములకలపల్లి దారిలో ఆటో బోల్తా పడి, నా నడుం కింది భాగం పనిచేయడం మానేసి అప్పటికి మూడేళ్ళు. కొత్తగూడెంలో అన్నయ్య వాళ్ళింట్లో ఉండేదాన్ని. బొగ్గుబావిలో పని కాబట్టి అన్నయ్య తెల్లవారకముందే వెళ్ళిపోయేవాడు. నన్ను చూసుకునేది వదిన యాదమ్మ. పొద్దున్నే మంచం మీంచి చక్రాల కుర్చీలోకి, కుర్చీలోంచి స్నానం పీట మీదికి, పీట మీంచి మళ్ళీ కుర్చీలోకి ఎత్తేది. ఆ మూడు ఎత్తుళ్ళు అయ్యాయంటే, రాత్రి అన్నయ్య మంచం ఎక్కించేదాకా మిగతా పనులన్నీ నావే. స్నానం, జడ, తిండి, ముందు గదిలో కంప్యూటర్ ముందు నా ఉద్యోగం.

ఆ ఉద్యోగం ఏమిటో చెబితే మీరు నన్ను అసలు క్షమించరు. ఊళ్ళోవాళ్ళ దరఖాస్తులు నింపడం. పింఛను, రేషన్ కార్డు, ఆదాయ సర్టిఫికెట్, ఏదైనా సరే. సరోజ నింపిన ఫారం వాపసు రాదని ఆ వీధిలో పేరు. ఆ పేరే నన్ను ముంచింది.

ఒక రోజు నన్ను ఎత్తుతూ వదిన "అమ్మా" అంది. ఆ తర్వాత రోజంతా కొడవలిలా వంగి తిరిగింది. ఏమైందని అడిగితే, "ఏం కాలే, గాలి పట్టింది" అంది. గాలి పట్టలేదు, నేను పట్టానని నాకు తెలుసు. ఇక వేరే దారి వెతకాలనుకున్నాను.

వెతికితే రెండు దొరికాయి. ఖమ్మంలో నాలాంటి ఆడవాళ్ళ కోసం ఒక హాస్టల్ ఉంది. వెడల్పు తలుపులు, తక్కువ ఎత్తు వంట గట్లు, ఎవరి గది వాళ్ళది. కాకపోతే తమ పనులు తాము చేసుకోగలిగిన వాళ్ళకే చోటు. రెండోది, ఇంటికే మనిషిని పంపే సంస్థ. అక్కడ ఏ పనీ చేసుకోలేని వాళ్ళకే ముందు వరస. హాస్టల్‌కు వెళితే వదినకు దూరం, ఇంటికి మనిషి వస్తే ఎవరో కొత్త చేతులు. తేల్చుకోలేక రెండు చోట్లా దరఖాస్తు పెట్టాను.

రెండు ఫారాల్లోనూ అదే ప్రశ్న. "స్వయంగా స్నానం చేయగలరా? అవును, కాదు." ఎవరైనా పీట మీద కూర్చోబెడితే చేయగలను. అది రాయడానికి గడి లేదు. మూడేళ్ళుగా ఆఫీసు మారినప్పుడల్లా అదే ప్రశ్న, అదే రెండు గడులు. విసుగొచ్చింది. పైగా నేను ఫారాల నిపుణురాలిని! ఏ ఫారం ఏ జవాబు కోసం నోరు తెరుచుకుని ఉంటుందో నాకు తెలియదా? హాస్టల్ ఫారంలో అన్నింటికీ అవును అని కొట్టి, వంట దగ్గర "బిర్యానీతో సహా" అని చేర్చాను. రెండో ఫారంలో అన్నింటికీ కాదు అని కొట్టి, అడుగున "చెంచా కూడా పట్టుకోలేను" అని రాశాను. పట్టుకోలేని చెంచా గురించి ముత్యాల్లాంటి నా చేతిరాతతోనే రాశానండీ!

వదినకు చెబితే తెల్లబోయింది. "గిది అబద్ధం కాదా సరోజా?"

"అబద్ధం కాదు వదినా, ఫారం భాష."

"మరి వాళ్ళొచ్చి చూస్తే?"

"ఒకళ్ళు మంగళారం వస్తరు, ఒకళ్ళు బుధారం వస్తరు. మంగళారం మంచంల ఉంట, బుధారం కుర్చీల ఉంట. అయిపాయె."

మంగళవారం పదింటికి, ఇంటికి మనిషిని పంపే సంస్థ నుంచి షహనాజ్ మేడం వచ్చింది. నడివయసు మనిషి, మెత్తటి మాట. స్నానమయ్యాక వదిన మళ్ళీ మంచం మీదికి ఎత్తితే, నేను గొంతు దాకా దుప్పటి కప్పుకుని ఉన్నాను.

"సరోజమ్మా, చెయ్యి ఒక్కసారి లేపు."

బొగ్గు నిండిన టబ్బు ఎత్తుతున్నట్టు చిటికెన వేలు కాస్త కదిలించి వదిలేశాను. "అరె, పాపం" అంటూ ఆమె తన చేతిరుమాలుతో నా నుదురు తుడిచింది. ఆ చెమట కష్టం వల్ల పట్టింది కాదు, భయం వల్ల పట్టింది. అంతలో ఒక ఈగ వచ్చి నా ముక్కు మీద వాలింది. చెంచా ఎత్తలేని మనిషి ఈగను ఎలా తోలుతుంది? అది ముక్కంతా కొలుచుకుంటూ తిరిగింది. చివరికి మేడమే దాన్ని తోలి, "అన్నం ఎవరు తినిపిస్తరు?" అని అడిగింది.

"నేనే మేడం" అంది వదిన, గోడ వైపు చూస్తూ.

సరిగ్గా అప్పుడే వాకిట్లోంచి మగ గొంతు. "సరోజ గారి ఇల్లు ఇదేనా అమ్మా? ఖమ్మం హాస్టల్ నుంచి వచ్చిన. రేపు రావాలె గని, రేపు భద్రాచలంల పని పడ్డది."

వదిన నా మొహం చూసింది, నేను ఈగ వెళ్ళిన దిక్కు చూశాను. వదిన ఒక్క క్షణం ఆలోచించి మేడం వైపు తిరిగింది. "మేడం, మా సరోజ జరంత పండుకోవాలె. మీరు వంటింట్ల కూసోండి, చాయ్ పెడత."

"ఇప్పుడు నిద్రనా?"

"కండ్లు తెరిచి ఉంచుడు గూడ కష్టమే మేడం ఆమెకు."

ఫారం భాషలో నాకు మూడేళ్ళ అనుభవం. వదినకు మూడు నిమిషాలు. అయినా నన్ను మించిపోయింది. మేడంను వంటింట్లో కూర్చోబెట్టి, పొయ్యి మీద చాయ్ గిన్నె పెట్టి, పరుగెత్తుకొచ్చి ఆ పొద్దుటి ఐదో ఎత్తుడు ఎత్తి నన్ను కుర్చీలో పడేసింది. తల దువ్వుకుంటూనే ముందు గదిలోకి కుర్చీ తోసుకుని పోయాను.

అక్కడ ఒక పెద్దాయన, రిటైరైన పంతులుగారిలా నిదానంగా, కాగితాలు తిప్పుతున్నాడు. "బిర్యానీ గూడ చేస్తనని రాసిర్రు గదమ్మా?"

"అవ్ సార్. దమ్ బిర్యానీ."

"బిర్యానీ వద్దు తియ్యండి. ఒక్క చాయ్ పెట్టండి చాలు. కుర్చీల కూసొని పొయ్యి కాడ ఎట్ల మసులుతరో చూస్త."

"గ్యాస్ అయిపోయింది సార్."

ఆ మాట నా నోట్లోంచి పూర్తిగా బయటికి రాకముందే వంటింట్లోంచి షహనాజ్ మేడం కేక వినిపించింది. "యాదమ్మా, జల్దీ రా! చాయ్ పొంగుతున్నది!"

పెద్దాయన కళ్ళజోడు సర్దుకున్నాడు. "గ్యాస్ వచ్చినట్టుందమ్మా" అని లేచాడు.

ఇక ఆపేదేముంది? కుర్చీ తోసుకుంటూ ముందు నేను, వెనక ఆయన, ఆయన వెనక వదిన. అలవాటు ఎంత చెడ్డదో చూడండి. గిన్నె పొంగుతుండగా కంటపడేసరికి, మూలన కుర్చీలో మేడం ఉందన్న సంగతే మరిచిపోయాను. పొయ్యి కట్టేశాను, గుడ్డతో గిన్నె దింపాను, చక్కెర వేసి చెంచాతో కలిపాను. అప్పుడు తల తిప్పితే మేడం నా మొహం వైపు చూడటం లేదు. చెంచా వైపు చూస్తోంది.

"యా అల్లా" అంది.

ఆమె సంచిలోంచి ఒక ఫారం వచ్చింది, ఆయన సంచిలోంచి ఇంకో ఫారం వచ్చింది. రెండూ చాయ్ మరకల పక్కన గట్టు మీద కూర్చున్నాయి.

"ఈ రాత మీదేనా అమ్మా?"

"అవ్ సార్."

"గిది గూడ?"

"అవ్."

"తారీఖులు చూస్తే రెండు దినాలే తేడా. గంతల్నే ఇంత ఆరోగ్యం ఏ దవాఖానాల ఇస్తున్నరమ్మా? నా మోకాళ్ళ కోసం నేను గూడ పోత."

చెంచా ఇంకా నా చేతిలోనే ఉంది. అప్పుడు వదిన గట్టుకు ఆనుకుని, మెల్లగా జారి నేల మీద కూలబడింది.

"సార్, మేడం, తప్పయింది. ఆమె ఆ ఫారంల సరోజ కాదు, ఈ ఫారంల సరోజ కాదు. పొద్దున మూడుసార్లు ఎత్తి దించాలె. గంతే. మిగతాదంతా ఆమెనే చేసుకుంటది, ఊరోళ్ళ పనులు గూడ చేసి పెడతది. గని నా నడుం పోయింది సార్. ఆమె ఈ ఇంట్ల నుంచి పోవాలని నాకు లేదు. ఆమెను ఎత్తాలని గూడ లేదు. రెండూ నిజమే. ఎవలకు చెప్పాలె?"

మూడేళ్ళలో వదిన నోట ఆ మాట నేను వినలేదు. వినాల్సింది నేనే. అడగాల్సింది కూడా నేనే. అడగకుండా ఫారాలు నింపుతూ కూర్చున్నాను.

తర్వాత మేడం రెండు ఫారాల మీదా చూపు తిప్పి, "గిది రాసే జాగా మా కాగితంల లేదు" అంది.

"మా దాంట్ల గూడ లేదు" అన్నాడు పెద్దాయన.

ఇద్దరూ అక్కడే నా దరఖాస్తులు కొట్టేశారు. మళ్ళీ పెట్టుకొమ్మన్నారు, ఈసారి గడులు పట్టించుకోకుండా వెనక పేజీలో ఉన్నది ఉన్నట్టు రాయమన్నారు. చాయ్ మాత్రం తాగి వెళ్ళారు. చక్కెర ఎక్కువైందని పెద్దాయన అన్నాడు.

ఉన్నది ఉన్నట్టు రాశాను. మూడు ఎత్తుళ్ళకు మనిషిని పెట్టలేమని హాస్టల్ నిజాయితీగా చెప్పింది. షహనాజ్ మేడం పొద్దున గంటన్నర కోసం ముత్తమ్మ అనే ఆమెను పంపింది. ఒకే ఇంట్లో ఉంటే వదిన చేతులు ఊరుకోవని, అదే వీధిలో, మెట్లు లేని ఒక గది కిరాయికి తీసుకుని నేను దిగాను. రాత్రి అన్నయ్య వచ్చి మంచం ఎక్కించి వెళ్ళేవాడు. వదిన పొద్దున రావాల్సిన పనే లేదు. వచ్చింది.

"గట్ల కాదు ముత్తమ్మా, చంకల కింద పట్టాలె!"

"ట్రైనింగుల గిట్లనే చెప్పిర్రమ్మా."

"ట్రైనింగ్ ఇచ్చినోళ్ళు మా సరోజను ఎత్తిర్రా? జరుగు!" అని, చూపించడానికి తనే ఎత్తింది. మొదటి రోజు మూడుసార్లు, రెండో రోజు మూడుసార్లు, మూడో రోజు మూడుసార్లు. నాలుగో రోజు ముత్తమ్మ లోపల గడియ పెట్టుకుంది.

ఆ సాయంత్రం, నడుం నొప్పి తగ్గాక తీరిగ్గా కోపం తెచ్చుకుని వచ్చిన వదిన ముందు నేను గంభీరంగా ప్రమాణం చేయబోయాను. ఈ జన్మలో ఏ ఫారంలోనూ ఉన్నదానికంటే ఎక్కువ మనిషినీ కాను, తక్కువ మనిషినీ కానని. మాటకు బరువుండాలని వదిన తల మీద చెయ్యి వేయబోయాను.

వదిన చటుక్కున తల పక్కకు తీసేసింది. "అబద్ధాలు నీయి, తల నాదా? నీ తల మీద పెట్టుకో."

పెట్టుకున్నాను.