నా కాలికి కట్టు కట్టిందెవరు

దయ్యాల కబుర్లు చెప్పేవాళ్ళని చూస్తే నాకు మొదటినుంచీ ఒళ్ళుమంట. సైన్సు టీచర్ని. క్లాసులో ఎవరైనా అలాంటివి మొదలెడితే బెంచీ ఎక్కించేదాన్ని. ఇప్పుడు నేనే చెబుతున్నాను, నవ్వుకుంటే నవ్వుకోండి.

తొంభైల చివరి మాట. మా అత్తయ్యగారికి ఒక అక్కగారు ఉండేవారట. పెళ్ళీడులో పెద్దరోగం, అంటే కుష్ఠు, వచ్చిందని ఇంట్లోవాళ్ళే తీసుకెళ్ళి, సఖినేటిపల్లి అవతల సముద్రపొడ్డున రోగుల్ని విడిగా ఉంచే చోట దిగబెట్టి వచ్చేశారట. మళ్ళీ ఎవరూ తొంగి చూడలేదు. ఆవిడ పోయారన్న కబురు మాత్రం వచ్చింది. ఒక్కసారి ఆ చోటు చూడాలని అత్తయ్యగారు ఎన్నాళ్ళుగానో అంటుంటే, ఒక ఆదివారం నేనే అమలాపురంలో బస్సెక్కించాను.

ఆటో దిగి, ఇసుకలో నడవలేక చెప్పులు చేత్తో పట్టుకుని, సరుగుడు తోట దాటాం. మిగిలినవి ఒక వరస కూలిన గదులు. అత్తయ్యగారు ఒక్కో గుమ్మంలోకీ తొంగి చూస్తున్నారు. నేను ఎండకి తాళలేక అరుగు మీద కూలబడ్డాను.

పక్కన ఒక ముసలావిడ ఉంది. చేతులు కొంగులో దాచుకుంది. తోట కాపలావాళ్ళ తాలూకు మనిషనుకున్నాను.

"కాలు ఇలా పెట్టమ్మా," అంది.

ఎందుకో, మారుమాట్లాడకుండా ఆవిడ ఒళ్ళో పెట్టేశాను. అరికాల్లో ఆల్చిప్ప ముక్క దిగబడి ఉంది! నేను నడిచొచ్చిన దారిలో ఇసుక మీద నెత్తురు మరకలు. ఆవిడ వేళ్ళు లేని చేతులు రెండూ కలిపి ఆ ముక్క లాగేసింది. నాకు చీమ కుట్టినట్టు కూడా లేదు.

"నొప్పి తెలీలేదు కదా? డాక్టరుకి చూపించుకో. దాచుకోకమ్మా," అంటూ కొంగు చింపి కట్టు కట్టి, పళ్ళతో ముడి బిగించింది.

భయమేసి అత్తయ్యగారిని కేకేశాను. తిరిగి చూసేసరికి అరుగు ఖాళీ.

కాపలా అతన్ని అడిగాం. "ఇక్కడెవరూ ఉండరండీ. ఆళ్ళంతా పోయి చాలా ఏళ్ళయిందండీ," అన్నాడు. నా కాలికి కట్టు మాత్రం అలాగే ఉంది. అత్తయ్యగారు ఇంటిదాకా దాన్నే చూస్తూ వచ్చారు.

మర్నాడు డాక్టరు నన్ను కళ్ళు మూసుకోమని అరికాలికి దూది తాకించేరు. నాకేమీ తెలియలేదు. అదే జబ్బు. కొన్నాళ్ళుగా ఆ కాలి చెప్పు తెలియకుండానే ఊడిపోతుంటే, వదులైందనుకున్నాను! తొందరగా వచ్చేరు, మాత్రలతో నయమైపోతుందన్నారు.

ఇంట్లో అందరి ముందూ చెప్పేశాను. నన్నూ ఎక్కడికో పంపేస్తారనే అనుకున్నాను. మా ఆయన తలెత్తలేదు. అత్తయ్యగారే నోరు విప్పేరు.

"ఈ ఇంట్లోంచి ఎవర్నీ పంపేది లేదు. దానికి నా పక్కనే పీట వెయ్యండి."

మాత్రలు మానకుండా మింగాను, తగ్గిపోయింది. ఆ వచ్చింది తన అక్కేనంటారు అత్తయ్యగారు. నాకు తెలీదు. కానీ అదే నిజమైతే నాకు ఇంకా అర్థం కాదు. బతికున్నన్నాళ్ళూ ఒక్కరు కూడా వెళ్ళి పలకరించని మనుషుల కోడలి కాలు, ఆవిడ ఒళ్ళో ఎందుకు పెట్టుకుంది?